రోడ్డును పెరికివేసిన నగరం

చెట్టు పెరిగినట్లు పట్టణం కూడా దానంతట అదే పెరుగుతుందని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి ఏ రోడ్డు ఎటు పోవాలి, ఏ పొలంలో ఇళ్ళు లేవాలి, ఎవరి ఇల్లు కూలాలి అనేవి ఒక బల్ల చుట్టూ కూర్చున్న కొద్దిమంది చేసే నిర్ణయాలు. అవి ఎలా జరుగుతాయో, జరిగినవి ఎలా మారుతాయో తెలుసుకోవటానికి అమెరికాలోని పోర్ట్‌లండ్ చరిత్ర చక్కని ఉదాహరణ.

ఈ నగరం ఆరిగన్ రాష్ట్రంలో, విలామెట్ నది కొలంబియా నదిలో కలిసే చోటికి దగ్గరగా ఉంది. 2020 జనాభా లెక్కల ప్రకారం జనం సుమారు 6 లక్షల 50 వేలు. న్యూయార్కు, షికాగోల పక్కన పెడితే మధ్యరకం ఊరే.

రోడ్ల మోజు

1943లో ఈ నగరం న్యూయార్కు నుంచి రాబర్ట్ మోజెస్ అనే ప్రసిద్ధ నిర్మాణ నిపుణుణ్ణి పిలిపించి సలహా అడిగింది. ఆయన పెద్ద రహదారుల వలయాన్ని సూచించాడు. అప్పటికే నది పడమటి ఒడ్డున హార్బర్ డ్రైవ్ అనే రోడ్డు వేసేశారు. ఊరు పుట్టింది నది వల్ల. ఊరివాళ్ళు నది దగ్గరికి పోవాలంటే మాత్రం కార్ల వరద దాటాలి!

1968లో ఈ రోడ్డును ఇంకా వెడల్పు చేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. 1969లో కొందరు పౌరులు పిల్లాజెల్లాతో వచ్చి ఆ రోడ్డు పక్కనే వనభోజనాలు చేసి నిరసన తెలిపారు. గవర్నరు టామ్ మెకాల్ ఈ విషయం పరిశీలించటానికి ఒక సంఘాన్ని వేశాడు. ఈలోగా వేరే రహదారులు, 1973లో ఫ్రీమాంట్ వంతెన పూర్తి కావటంతో ఈ రోడ్డు అవసరం తగ్గింది. 1974లో దాన్ని మూసివేసి తవ్వేశారు. ఆ చోట 1978లో ఉద్యానవనం తెరిచారు. తర్వాత దానికి మెకాల్ పేరే పెట్టారు.

అదే 1974లో మౌంట్ హుడ్ ఫ్రీవే అనే మరో రహదారిని నగర మండలి రద్దు చేసింది. అది వేసి ఉంటే వెయ్యికి పైగా ఇళ్ళు నేలమట్టమయ్యేవి. రోడ్డు మానుకుంటే కేంద్రం ఇచ్చే డబ్బు పోదా అని ఎవరికైనా సందేహం కలుగుతుంది. అలాంటి డబ్బును ఇతర రవాణా పనులకు మళ్ళించుకునే వీలును 1973 నాటి కేంద్ర చట్టం కల్పించింది. ఆ నిధులలో కొంత భాగంతోనే 1986లో గ్రెషమ్ వరకు 15 మైళ్ళ పొడవున విద్యుత్ రైలు నడిచింది.

పొలానికి గిరి

రెండవ నిర్ణయం ఊరి పొలిమేరకు సంబంధించింది. విలామెట్ లోయ సారవంతమైన భూమి. ఇళ్ళ స్థలాలు పొలాలను మింగేస్తున్నాయని హెక్టర్ మెక్‌ఫర్సన్ అనే పాడిరైతు ఆందోళన చెందాడు. రాష్ట్ర సెనేటరైన తర్వాత 1973లో చట్టం తేవటానికి కృషి చేశాడు. దాని ప్రకారం ఆరిగన్‌లో ప్రతి పట్టణం తన చుట్టూ హద్దు గీసుకోవాలి. లోపల ఇళ్ళు, బయట పొలాలు, అడవులు. పోర్ట్‌లండ్ ప్రాంతపు హద్దు 1979లో ఏర్పడింది. రాబోయే 20 ఏళ్ళ ఇళ్ళకు చాలినంత భూమి లోపల ఉందో లేదో ఎప్పటికప్పుడు లెక్క చూసి, అవసరమైతే గీత జరుపుతారు.

నాణేనికి రెండో వైపు

ఇంతవరకు చదివి ఆహా అనుకుంటే సగం కథే తెలిసినట్లు. నది ఆవలి ఒడ్డున ఆల్బినా అనే పేట ఉంది. 1919లో స్థిరాస్తి వ్యాపారుల సంఘం తెల్లవారి పేటల్లో నల్లవారికి ఇళ్ళు అమ్మరాదని కట్టుబాటు చేసింది. 1948 వరదలో వాన్‌పోర్ట్ అనే ఊరు కొట్టుకుపోయినప్పుడు నిలువనీడ లేని నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఆల్బినాకే చేరాయి. చేరినవారినైనా ఉండనిచ్చారా? 1960లో తెరిచిన క్రీడామందిరం కోసం, ఆపై అంతర్రాష్ట్ర రహదారి కోసం, 1970ల మొదట్లో ఆసుపత్రి విస్తరణ కోసం వందలాది ఇళ్ళు పడగొట్టారు. ఆసుపత్రి విస్తరణకు కేంద్ర నిధులు ఆగిపోయాయి. ఇళ్ళు పోయిన స్థలంలో చాలాభాగం దశాబ్దాల తరబడి ఖాళీగా పడి ఉంది.

ఒక పేటవాళ్ళు రోడ్డును ఆపగలిగారు, ఇంకో పేటవాళ్ళు ఆపలేకపోయారు. ఇంజనీరింగులో తేడా ఏమీ లేదు. ఎవరి మాట సభలో చెల్లుబాటయిందన్నదే తేడా.

హద్దు వ్యవహారం కూడా అంతే. పొలాలు దక్కాయి, మంచిదే. కానీ బయటికి పెరగని ఊరు లోపల ఒత్తుగా పెరగాలి గదా! లోపల చాలా వీధుల్లో స్థలానికి ఒక్క కుటుంబపు ఇల్లే కట్టాలన్న పాత నిబంధన అలాగే ఉండిపోయింది. అద్దెలు, ధరలు పెరగటానికి ఇదీ ఒక కారణం. చివరకు 2019లో రాష్ట్రం మరో చట్టం చేసి, పెద్ద పట్టణాలలో అలాంటి స్థలాల్లో నాలుగు వాటాల ఇళ్ళ వరకు కట్టుకోవచ్చన్నది. గీత గీయటానికీ ఈ సవరణకూ మధ్య 40 ఏళ్ళు గడిచాయి. ఆ జాప్యానికి అద్దె ఇళ్ళవాళ్ళే మూల్యం చెల్లించారు.

కనుక ఏ నగర ప్రణాళికనైనా పరీక్షించేటప్పుడు పటంలోని రంగులు చూసి మురిసిపోరాదు. దీనివల్ల ఎవరికి మేలు? ఎవరి ఇల్లు పోతుంది? పోయేవాళ్ళను ముందుగా అడిగారా? ఈ ప్రశ్నలు వేయటానికి ఇంజనీరు పట్టా అక్కరలేదు. రోడ్డు వేశాక దాన్ని పెరికివేయవచ్చునని పోర్ట్‌లండ్ నిరూపించింది. చెదిరిపోయిన పేటను తిరిగి కూర్చటం అంత సులభం కాదని కూడా ఆ నగరమే చెబుతోంది. రేపు ప్రణాళికల మీద సంతకాలు పెట్టబోయే విద్యార్థులు ఈ రెండు విషయాలనూ కలిపి గుర్తుంచుకోవాలి.