మంచి జన్యువు కోసం వెతకకు

చిరంజీవి చిన్నీకి,



నీ ఉత్తరం అందింది. పీహెచ్‌డీకి స్వీడన్ వెళ్తున్నావని, పాట పిట్టల రోగనిరోధక జన్యువుల మీద పని చెయ్యబోతున్నావని చదివి నా కడుపు నిండిపోయింది. "మలేరియాను తట్టుకునే మంచి జన్యువు ఏదో కనిపెట్టాలి పెద్దమ్మా" అని రాశావు చూడు, ఆ మాట దగ్గర మాత్రం ఆగాను. ఈ ఉత్తరమంతా దాని గురించే.

మంచి జన్యువు అనేది ఎక్కడో ఒకటుందని ముందే నమ్మి వెళ్లకు తల్లీ. ఏ జబ్బుకు మంచిది, ఏ చోట మంచిది, ఏ ఏడాది మంచిది? ఈ మూడూ అడగకుండా జన్యువును మంచిదనడానికి లేదు.

నీ పని ఎంహెచ్‌సీ జన్యువులతో కదా. ఒంట్లో దూరిన పరాన్నజీవి ప్రోటీన్లు కణంలో ముక్కలవుతాయి. ఎంహెచ్‌సీ అణువు ఆ ముక్కను దోసిట్లో పెట్టుకుని కణం పైకి తెచ్చి చూపిస్తుంది. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణం దాన్ని చూసి పరాయిదని పోల్చుకుంటేనే పోరు మొదలవుతుంది. టీ కణం ఎంహెచ్‌సీతో కలిపే పరాయిదాన్ని పోల్చుకుంటుందని తేల్చినందుకే డోహర్టీ, జింకర్నాగెల్‌లకు 1996లో నోబెల్ ఇచ్చారు. ఒక్కో జన్యు రూపానిది ఒక్కో ఆకారపు దోసిలి. ఒకదాంట్లో ఇమిడే ముక్క ఇంకోదాంట్లో నిలవదు. అలా నిలవని ముక్క టీ కణం కంట పడదు, ఆ పరాన్నజీవి హాయిగా పెరుగుతుంది. అందుకే ఈ జన్యువుల్లో ఉన్నంత వైవిధ్యం జీనోమ్‌లో ఇంకెక్కడా దాదాపు కనిపించదు.

కోళ్లలో క్లాస్-1 రకం ఎంహెచ్‌సీ జన్యువులు రెండే. అందుకే అక్కడ తేడాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి: బీ21 రూపమున్న కోళ్లు మారెక్స్ జబ్బును తట్టుకుంటాయి, కొన్ని ఇతర రూపాలున్నవి దానికి తేలిగ్గా లొంగిపోతాయి. పాట పిట్టల సంగతి వేరు, ఒక్కో పిట్టలోనే ఈ జన్యువుల నకళ్లు బోలెడు. కోళ్ల లెక్క పిట్టలకు వర్తిస్తుందనుకోకు. అలాగని నకళ్లు ఎన్ని ఎక్కువుంటే అంత మేలని కూడా అనుకోకు. సొంత ఒంటి ముక్కలకే గట్టిగా స్పందించే టీ కణాలను థైమస్ గ్రంథి ముందే ఏరిపారేస్తుంది. చూపించే ఆకారాలు పెరిగే కొద్దీ ఆ ఏరివేతా పెరుగుతుంది. ఎక్కువకూ తక్కువకూ మధ్య ఎక్కడో మేలైన చోటు ఉంటుందని చాలామంది అనుకోవడం అందుకే.

వెళ్లేలోపు జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ 1949లో జబ్బుల గురించీ జీవపరిణామం గురించీ రాసిన వ్యాసం చదువు. దాని సారం ఇదీ: అందరికీ ఉన్న రక్షణను దాటే దారి పరాన్నజీవి నేర్చుకుంటుంది, అప్పుడు అరుదైన రూపమున్న జీవికి మేలు జరుగుతుంది. మేలు జరిగింది కాబట్టి దాని సంతానం పెరిగి, ఆ రూపం కొన్నాళ్లకు అందరిదీ అవుతుంది. పరాన్నజీవి గురి మళ్లీ దాని మీదికే. ఇలా తిరిగే చోట ఈనాటి గెలుపు రేపటికి నిలవదు, గెలుస్తూ వచ్చేది వైవిధ్యమే.

నువ్వు వెళ్లే స్వీడన్‌లోనే క్విస్మారెన్ సరస్సు ఉంది. అక్కడి రెల్లులో గూడు కట్టే గ్రేట్ రీడ్ వార్బ్లర్లను 1980ల నుంచీ గమనిస్తున్నారు. పిట్టల కాళ్లకు రంగు ఉంగరాలు తొడిగి, దేనికి ఏది పుట్టింది, ఎన్ని పిల్లల్ని కన్నది, వచ్చే వసంతానికి తిరిగొచ్చిందా లేదా అన్నీ రాసి పెట్టారు. చలికాలం ఈ పిట్టలు సహారా దాటి ఆఫ్రికా వెళ్తాయి. చాలా వాటికి మలేరియా అంటేది అక్కడే.

హెలెనా వెస్టర్‌డాల్, ఆమె సహచరులు 2005లో ఒక ఫలితం ప్రచురించారు. ఒక రకం మలేరియా పరాన్నజీవి ఉన్న పిట్టల్లో బీ4బీ అనే జన్యు రూపం ఎక్కువగా కనిపించింది. పైపైన చూస్తే ఆ జన్యువే జబ్బు తెచ్చిందనిపిస్తుంది. నిదానించి ఆలోచించు. నీ వలలో పడేది ఆఫ్రికాలో జబ్బుపడీ బతికి, వేల కిలోమీటర్లు ఎగిరి తిరిగొచ్చిన పిట్ట. ఆ రూపం లేనివి తొలి జ్వరంలోనే పోయి ఉంటే అవి నీ లెక్కలోకే రావు. అంటే జబ్బున్న పిట్టల్లో ఎక్కువగా కనిపించే జన్యువు వాటిని కాపాడిన జన్యువే కావచ్చు. చేతికి చిక్కిన ప్రతి పిట్ట వెనకా చిక్కనివి ఎన్ని ఉన్నాయో, ఎందుకు లేవో అడుగు. ఈ పనిలో నీకు అన్నిటికంటే అక్కరకొచ్చే అలవాటు ఇదే.

ఇంకో సంగతి. పైకి పిట్ట బాగుంటే ఒంట్లోనూ బాగున్నట్టేనని అనుకోకు. అదే సరస్సు పిట్టల మీద 2015లో వచ్చిన పరిశోధన చూడు. ఏళ్ల తరబడి కొద్దిపాటి మలేరియాతో బతికే పిట్టలు పాడతాయి, గూడు కడతాయి, ఏ లోటూ కనిపించదు. కానీ వాటి క్రోమోజోముల కొసల్లో ఉండే టెలోమియర్లు త్వరగా కురచబడ్డాయి, పిల్లలు తగ్గారు, ఆయుష్షు తగ్గింది. పరిణామానికి పెద్ద చావులే అక్కర్లేదు, ఇలాంటి చిన్న కోతలు చాలు.

ఇక హవాయి కథ. అది నాకు తలుచుకున్నప్పుడల్లా బాధే. 1826లో ఒక ఓడ నీళ్ల పీపాల్లోంచి దోమ పిల్లలు మావీ దీవిలోని లహైనాలో దిగాయి. అంతకు ముందు ఆ దీవుల్లో దోమే లేదు. తర్వాత బయటి నుంచి తెచ్చిన పక్షులతో మలేరియా చేరింది. అక్కడి హనీక్రీపర్ పిట్టలు ఆ జబ్బును అంతకు ముందు ఏనాడూ ఎరగవు. ఎర్రటి ఒళ్లు, వంగిన ముక్కు ఉండే 'ఇయీవీ' అనే హనీక్రీపర్‌కు ప్రయోగంలో మలేరియా అంటిస్తే పదింట తొమ్మిది చనిపోయాయి. ఇప్పుడు ఎన్నో జాతులు దోమ అందని కొండల పైభాగాల్లోనే మిగిలాయి. వేడి పెరిగే కొద్దీ దోమ అక్కడికీ ఎక్కుతోంది. 2023లో అమెరికా ప్రభుత్వం 8 హవాయి పక్షి జాతులు అంతరించాయని ప్రకటించింది. ఆ ఏడాదే మావీలో మగ దోమల్ని వదలడం మొదలుపెట్టారు. వోల్బాకియా బ్యాక్టీరియా ఉన్న ఈ దోమలు జతకడితే ఆడ దోమ పెట్టే గుడ్లు పొదగవు.

అదే హవాయిలో ఆశ కూడా ఉంది. పెద్ద దీవి పల్లపు అడవుల్లో అమాకిహి అనే పిట్ట మలేరియా అంటినా బతకడం నేర్చింది. అక్కడ చాలా పిట్టల రక్తంలో పరాన్నజీవి ఉన్నా సంఖ్య తగ్గడం లేదు. అదే జాతి కొండ మీద మాత్రం ఇంకా జబ్బుకు పడిపోతుంది. జాతి ఒకటే, కొండకూ పల్లానికీ మధ్య తేడా వచ్చింది. ఏ చోట మంచిది అని అడగమన్నది ఇందుకే.

హవాయిలో మలేరియా అంటించే ఆ దోమ మనకు కొత్తది కాదమ్మా. క్యూలెక్స్ క్విన్‌క్విఫేసియేటస్, మన మురిక్కాలవల్లో పెరిగి బోదకాలు అంటించే దోమ. సికింద్రాబాద్‌లో 1897లో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసిన రోనాల్డ్ రాస్, మరుసటి ఏడాది కలకత్తాలో పిచ్చుకల మీద ఈ క్యూలెక్స్‌తోనే ప్రయోగాలు చేసి దోమ కాటుతో జబ్బు ఎలా పాకుతుందో చూపించాడు. నువ్వు చెయ్యబోయే పనికి మొదళ్లు మన దేశంలోనే ఉన్నాయని ధైర్యంగా చెప్పుకో.

నేను చెప్పే కథల్లో చివరిది సీషెల్స్‌ది. 1960ల్లో సీషెల్స్ వార్బ్లర్లు కజిన్ అనే చిన్న దీవిలో 30 కంటే తక్కువే మిగిలాయి. కొబ్బరితోటను మళ్లీ అడవిగా మార్చి, కొన్నిటిని పక్క దీవులకు చేర్చి కాపాడారు. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. సంఖ్య తిరిగొచ్చింది గాని, పోయిన జన్యు వైవిధ్యం రాలేదు. మగ తోడుకు ఎంహెచ్‌సీ వైవిధ్యం తక్కువైన చోట ఆడపిట్టలు, అది ఎక్కువున్న వేరే మగపిట్టతో పిల్లల్ని కంటున్నట్టు తేలింది. ఉన్న కొద్దిపాటి తేడానూ అవి వదులుకోవడం లేదు.

ల్యాబులో కూర్చునే ముందు ఒక సీజనంతా వల దగ్గర ఉండు. రెక్క కింది నరం నుంచి చుక్క రక్తం తియ్యడం, తీసిన చోట దూది అదిమి పట్టడం, పిట్టను త్వరగా వదిలెయ్యడం చేతికి అలవాటు కావాలి. పిట్ట వణికితే పని ఆపెయ్, దాని ప్రాణం నీ శాంపిల్ కంటే ముందు. ఆ చుక్కను సీక్వెన్సింగ్‌కు పంపి ఊరుకోకు, స్లైడ్ మీద పూసి గీంసా రంగు వేసి కళ్లారా చూడు. మన ఎర్రకణాల్లో లేని కేంద్రకం పిట్టల ఎర్రకణాల్లో ఉంటుంది. పరాన్నజీవి దాన్ని ఒక పక్కకు నెట్టేసి కూర్చోవడం నీకే కనబడుతుంది. పిట్ట జన్యువులూ పరాన్నజీవి జన్యువులూ ఒకే చుక్కలో దొరుకుతాయి. రెంటినీ కలిపి చదవగలగడం నీ తరానికి దక్కిన వరం.

నీ థీసిస్‌లో ఫలానా జన్యు రూపం మేలు చేస్తుందని రాసిన ప్రతిచోటా పక్కన జబ్బు పేరు, చోటు, ఏడాది రాయి. వాక్యం పొడుగైనా ఫర్వాలేదు, నిజం అంత పొడుగే. నీ తర్వాత వచ్చేవాళ్లు అదే చోట మళ్లీ కొలిచి చూడాలంటే అవి కావాలి. మొదటి సీజను ప్రణాళిక రాసుకోగానే నాకు పంపు, కూర్చుని వివరంగా చూస్తాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ