మార్కుల చాటున మనసు

అమెరికా వచ్చిన కొత్తలో పిల్లాడెలా ఉన్నాడని ఎవరైనా అడిగితే, "అన్నీ ఏ గ్రేడ్లే, బాగానే ఉన్నాడు" అంటాం. గ్రేడ్లు బాగున్నంత మాత్రాన పిల్లాడు బాగున్నట్టు కాదు. లోపల ఆందోళనతో నలిగే పిల్లలు కొందరు ఆ భయంతోనే ఇంకా ఎక్కువ చదువుతారు. మార్కులు పడిపోయేదాకా ఆగితే చాలా ఆలస్యమవుతుంది. ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపునొప్పి రావడం, లంచ్ బాక్సులో పెట్టిన పులిహోర పెట్టినట్టే తిరిగి రావడం, నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన ఆట మానేయడం... గమనించాల్సినవి ఇవీ. టీనేజీలో డిప్రెషన్ ఏడుపుగానే కాక చిరాకుగానూ బయటపడుతుంది. మనం దాన్ని పొగరనుకుని కసురుతాం. పైకి చూసి చెప్పలేం కాబట్టే, ఏ లక్షణమూ కనిపించకపోయినా 8 నుంచి 18 ఏళ్ల పిల్లలను ఆందోళన కోసం, 12 నుంచి 18 ఏళ్ల వాళ్లను డిప్రెషన్ కోసం పరీక్షించాలని ఇక్కడి ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2022లో సిఫారసు చేసింది. ఏటా చెకప్పులో పెద్దపిల్లలకు ప్రశ్నల కాగితం ఇచ్చేది అందుకే. దాన్ని పిల్లలనే నింపనివ్వండి. "మీరు కాసేపు బయట కూర్చోండి" అని డాక్టరు అంటే నొచ్చుకోకండి. అమ్మానాన్నల ఎదుట నోరు పెగలని మాటలు కొన్ని ఉంటాయి.

"మన ఊళ్లో ఈ కౌన్సెలింగులు ఎక్కడున్నాయి, అమ్మమ్మ ఒళ్లో తల పెట్టుకుంటే పోయేది కాదా" అనే మాటలో నిజముంది. కానీ ఇక్కడ ఆ ఒడీ లేదు, వీధి నిండా పిల్లలూ లేరు. ఆ లోటున్న చోట మాట వినే మనిషి మరింత అవసరం. స్కూల్లో ఉండే కౌన్సెలరును కలవడానికి ఫీజు లేదు. థెరపిస్టు అపాయింట్‌మెంటుకు వారాలు, నెలలు పట్టవచ్చు కనుక, ఈలోగా అక్కడే మొదలుపెట్టండి. ఇబ్బంది చదువుకు అడ్డం వస్తుంటే 1973 నాటి చట్టం కింద 504 ప్లాన్ అడగవచ్చు. పరీక్షకు అదనపు సమయం, విడిగా నిశ్శబ్దమైన గది వంటివి దాని ద్వారా దొరుకుతాయి. ఇంగ్లిష్ ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, పిల్లాడి బాధను పిల్లాడి చేతే అనువాదం చేయించకండి.

అందరినీ వెనక్కి లాగే భయం గ్రీన్ కార్డు. కౌన్సెలింగుకు వెళ్లినంత మాత్రాన, డిప్రెషన్ ఉన్నంత మాత్రాన అది ఆగదు. ఇమిగ్రేషన్ వైద్య పరీక్షలో చూసేది మానసిక రుగ్మతతో పాటు, తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. వైద్యం అందక పరిస్థితి అక్కడిదాకా ముదరడమే అసలు ప్రమాదం. సందేహముంటే లాయర్ని అడగండి, కానీ ఆ జవాబు కోసం పిల్లాడి అపాయింట్‌మెంట్ ఆపకండి. ఇంకో భయమూ ఉంది. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందని జంకుతాం. అలా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. పిల్లాడు అవునంటే ఒంటరిగా వదలకండి. ప్రాణం మీదికొస్తే 911. లేదంటే 988కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. పిల్లాడే చేయాలని లేదు, వాడి గురించి బెంగపడుతున్న తల్లి చేసినా మాట్లాడతారు.