డింభక దశలో పెంపకం – రెక్కల పురుగు ఎగిరే శక్తి: ఆపిల్ కాడ్లింగ్ పురుగుపై పరిశీలనలు

లింగాకర్షక బుట్టలో పడిన రెక్కల పురుగులను లెక్కించి తోటలో ఉధృతిని అంచనా వేయడం సస్యరక్షణలో నిత్యకృత్యం. అయితే ఆ సంఖ్య తోటలో ఎన్ని పురుగులున్నాయో మాత్రమే కాక, అవి ఏ మేరకు ఎగరగలుగుతున్నాయో కూడా సూచిస్తుంది. ఎగరడానికి కావలసిన కండరాలు, రెక్కల విస్తీర్ణం, కొవ్వు నిల్వలు చాలావరకు డింభకం తిన్న ఆహారం నుండి, అది పెరిగిన ఉష్ణోగ్రత నుండి సమకూరుతాయి. ఈ సంబంధాన్ని శాస్త్రజ్ఞులు ఆపిల్‌ను ఆశించే కాడ్లింగ్ పురుగులో విస్తృతంగా పరిశీలించారు. మన దేశంలో ఈ పురుగు లడఖ్ ప్రాంతానికే పరిమితమైనా, దానినుండి గ్రహించవలసిన విషయం ఇతర తోటలకూ వర్తిస్తుంది.

కాడ్లింగ్ డింభకం సాధారణంగా కాయకు ఒకటి చొప్పున గింజల వరకు తొలుచుకుపోయి పెరుగుతుంది. ఒకే కాయలో రెండు చేరితే ఒకటి మరొకదానిని చంపడం కద్దు. పగటి కాలం తగ్గే రోజులలో పెరిగిన డింభకం బెరడు కింద గూడు కట్టుకొని సుప్తావస్థలోకి పోయి, చలికాలమంతా అలాగే గడిపి, వసంతంలో ప్యూపాగా మారుతుంది. వసంతంలో సాయంకాలపు చల్లదనంలో ఎగిరే తొలి తరం పురుగులు ఈ విధంగా తయారైనవే.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఒకనగాన్ లోయ ఆపిల్ తోటలలో 1994లో వంధ్య పురుగులను విడుదల చేయడం మొదలుపెట్టారు. ఒసోయూస్ పట్టణంలోని పెంపక కేంద్రంలో డింభకాలను పళ్ళేలలో కృత్రిమ ఆహారంపై, స్థిరమైన వెచ్చదనంలో, గుంపులుగా పెంచారు. రెక్కల పురుగులను గామా కిరణాలతో వంధ్యీకరించి, చల్లబరచి, తోటలకు చేర్చారు. ఆహారంలో కలిపిన ఎర్రరంగు పురుగు దేహంలో నిలిచి ఉంటుంది కనుక బుట్టలో పడినది కేంద్రం నుండి వచ్చినదో, తోటలో పుట్టినదో తేల్చవచ్చు. తోటలోని ఒక మగ పురుగుకు 40 వంధ్య మగ పురుగులు ఉండాలన్నది లక్ష్యం.

చిక్కు వసంతంలో వచ్చింది. వేసవిలో చక్కగా బుట్టలలో పడుతున్న వంధ్య పురుగులు, వసంతంలో అంతే సంఖ్యలో విడుదల చేసినా తక్కువగా దొరికాయి. తొలి తరాన్ని అదుపు చేయలేకపోతే ఆ ఏడాది కృషి అంతా వెనుకబడుతుంది. కిరణాల మోతాదే ఇందుకు కారణమన్న అనుమానం సహజం. మోతాదు పెరిగేకొద్దీ పురుగు చురుకుదనం తగ్గడం నిజమే. కానీ అదే మోతాదు పొందిన పురుగులు వేసవిలో బాగా ఎగురుతుంటే దోషమంతా కిరణాలదని చెప్పడం కష్టం. ఎన్నడూ చలి ఎరుగని పురుగును చల్లని సాయంత్రం తోటలో వదలడం, అది చురుకుగా తిరిగే వేళ సహజ పురుగుల వేళతో సరిపోకపోవడం వంటి కారణాలను పరిశీలించవలసి వచ్చింది.

పరిష్కారానికి రెండు మార్గాలు ప్రయత్నించారు. మొదటిది, తక్కువ వెలుతురు గంటలు, తక్కువ ఉష్ణోగ్రతలో డింభకాలను సుప్తావస్థలోకి పంపి, కొన్ని నెలలు శీతల గదిలో ఉంచి, ఆపై రెక్కల పురుగులను రాబట్టడం. దీనివల్ల చలికాలంలో నిల్వ చేసుకొని అవసరమైన సమయానికి వాడుకొనే వీలు కూడా కలిగింది. రెండవది, చల్లదనానికి అలవాటు పరచడం. దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అలా అలవాటు పరచిన పురుగులు చల్లని వాతావరణంలో ఇతర పురుగుల కంటే ఎక్కువగా తిరిగి దొరికాయి. అయితే అవే పురుగులు వెచ్చని రోజులలో వెనుకబడ్డాయి. అంటే అన్ని కాలాలకూ పనికివచ్చే ఒకే పెంపక విధానం లేదు. విడుదల చేసే నెలను బట్టి పెంపకాన్ని మార్చుకోవలసిందే.

పెంపకంతో పాటు వారసత్వాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. స్విట్జర్లాండ్‌లో జూరిక్ పరిశోధకులు బాగా ఎగిరే పురుగులను, తక్కువగా ఎగిరే వాటిని తరతరాలుగా వేరుచేసి రెండు వంశాలను పొందారు. ఎక్కువ ఎగిరే వంశంలో సంతానోత్పత్తి తగ్గింది. ఈ ప్రయోగాలలో వాడిన ఎగురుడు చక్రానికి ఒక లోపం ఉంది. చేతికి అతికించిన పురుగు తన బరువును తాను మోయనవసరం లేదు. అందువల్ల పెద్ద దేహం గల పురుగు చక్రంపై మేలుగా కనిపించి, తోటలో అంత మేలు కాకపోవచ్చు. చక్రపు కొలతలను రంగు గుర్తు గల పురుగులను వదిలి తిరిగి పట్టే ప్రయోగంతో సరిచూడడం అవసరం.

తెలుగు రాష్ట్రాలలో బత్తాయి, నిమ్మ తోటలను ఆశించే పండు రసం పీల్చే రెక్కల పురుగు ఇందుకు భిన్నమైన ఉదాహరణ. దీని డింభకం తోటలో కాక, గట్ల మీద, కంచెల వెంట పాకే తిప్పతీగ ఆకులపై పెరుగుతుంది. రెక్కల పురుగు రాత్రివేళ తోటలోకి ఎగిరివచ్చి పండుకు రంధ్రం చేసి రసం పీలుస్తుంది. ఎగరడానికి కావలసిన చక్కెర దానికి పండులోనే దొరుకుతుంది. రెక్కలు, కండరాలు మాత్రం తిప్పతీగ ఆకు ఇచ్చినవే. తోట చుట్టూ తిప్పతీగను తొలగించమనే సిఫారసు పురుగు పుట్టే చోటును దూరం చేస్తుంది. ఎంత దూరం వరకు తొలగిస్తే చాలునన్నది ఆ పురుగు ఎగిరే దూరాన్ని బట్టి ఉంటుంది. దీనిపై పరిశోధన చేపట్టే విద్యార్థులు డింభకాలను తిప్పతీగపైనే, పొలంలోని రాత్రి, పగటి ఉష్ణోగ్రతలకు లోబడి పెంచి, ఆ వివరాలను ఎగిరిన దూరంతో పాటు నమోదు చేయాలి. ప్రయోగశాలలో స్థిరమైన ఉష్ణోగ్రత వద్ద పెంచిన పురుగుతో కొలిచిన దూరాన్ని కంచె వెడల్పుకు ప్రమాణంగా తీసుకోరాదు.