మొక్కలకంటే ముందు లెక్క

కొన్నేళ్ల క్రితం దాతలు ఇచ్చిన డబ్బుతో మా బడి ప్రహరీ వెంట మొక్కలు నాటించాం. ఫొటోలు దిగాం, దాత పేరుతో బోర్డు పెట్టాం. ఆ వేసవి దాటేసరికి మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు. మేకలను తిట్టుకున్నాం, ఎండలను తిట్టుకున్నాం. అసలు సంగతేమిటంటే సెలవుల్లో నీళ్లెవరు పోయాలో మేం ఎవరికీ అప్పగించలేదు. తప్పు మాదే.

"పర్యావరణానికి ఈ ఏడు ఏం చేద్దాం మాస్టారూ?" అని దాతలు మళ్లీ అడుగుతున్నారు. అడిగినందుకు సంతోషం. అయితే జవాబుకు ముందు ఒక ఊరి సంగతి చెప్పాలి.

ఇంగ్లండులో చెస్టర్ నగరానికి దగ్గరలో ఆష్టన్ హేస్ అనే పల్లె ఉంది. జనాభా సుమారు వెయ్యి. తమ ఊరి వల్ల గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువును తగ్గించుకోవాలని 2006లో ఆ ఊరివాళ్లు పని మొదలుపెట్టారు. ముందు చేసింది లెక్క. చెస్టర్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇళ్లవారిని అడిగి కరెంటు, ఇంధనం, ప్రయాణాల వివరాలు రాసుకున్నారు. ఏటా మళ్లీ అడిగారు. పదేళ్లలో ఆ లెక్క దాదాపు 24 శాతం తగ్గింది. బట్టలు మెషీన్లో కాక తీగ మీద ఆరేసుకోవడం, విమాన ప్రయాణాలు తగ్గించుకోవడం, ఇంట్లో వేడి బయటికి పోకుండా కిటికీలు బాగుచేసుకోవడం, కొందరు సోలార్ పలకలు పెట్టించుకోవడం, ఇవే వాళ్లు చేసిన పనులు. బట్టలు తీగ మీద ఆరేయడం గొప్పా అని మనవాళ్లు నవ్వవచ్చు. మనం గమనించవలసింది వేరే ఉంది. ఆ సభల్లో రాజకీయ నాయకులకు మైకు ఇవ్వలేదు. ఏ ఇంటినీ వేలెత్తి చూపలేదు. పక్కింటివాళ్లు చేసింది చూసి పక్కింటివాళ్లు చేశారు.

బి.ఇడి.లో కిల్‌పాట్రిక్ ప్రాజెక్టు పద్ధతిని మేం పరీక్ష కోసం బట్టీపట్టినవాళ్లమే. ఇన్నాళ్లకు దాన్ని తొమ్మిదో తరగతి పిల్లలతో నిజంగా చేయించాం. పద్ధతి తేలిక. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది, ఎక్కువ కరెంటు బొగ్గు నుంచే వస్తుంది కనుక. 14.2 కిలోల గ్యాసు సిలిండరు ఖాళీ అయ్యేసరికి సుమారు 42 కిలోలు. లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు. ఈ మూడూ తెలిస్తే చాలు, మిగతాది గుణకారం, కూడిక.

మొదటి వారం పని సాగలేదు. కరెంటు బిల్లు చూపించమంటే తల్లులు భయపడ్డారు. రేషన్ కార్డు తీసేస్తారేమో, ఇంకేం రాసుకుపోతారో అని. వాళ్లను తప్పుపట్టలేం. అందుకని పిల్లలు ఇంట్లోనే లెక్క కట్టి, పేరు లేని చీటీ మీద మొత్తం మాత్రమే రాసి తెచ్చేటట్టు మార్చాం. అప్పుడు చీటీలు వచ్చాయి.

నల్లబల్ల మీద చేయించిన ఒక లెక్క చెబుతాం. అయిదుగురున్న చిన్న ఇల్లు. నెలకు 90 యూనిట్లు, అంటే 63 కిలోలు. ఒక సిలిండరు 42. బండికి పది లీటర్ల పెట్రోలు 23. అన్నీ కలిపి 128 కిలోలు. రెండో లెక్క ఒక్క ఏసీది. రాత్రికి ఎనిమిది యూనిట్లు తాగితే నెలకు 240, అంటే 168 కిలోలు. అయిదుగురి సంసారం మొత్తం కంటే ఒక గదిలోని ఏసీ ఎక్కువ! ఒక అమ్మాయి లేచి, "మరి మా మొహల్లాకొచ్చి కరెంటు ఆదా చేయమని ఎందుకు చెబుతారు సార్?" అని అడిగింది. మాలో ఏసీ ఉన్నవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కనుక తగ్గించుకోవలసింది ముందు మనమే. మనం అంటే జీతగాళ్లం, వ్యాపారులం, ఈ సంచిక చదువుతున్న దాతలం. పేద ఇళ్లకు ఉపన్యాసం వద్దు, వస్తువు కావాలి. ఆ ఇళ్లలో పాత సీలింగు ఫ్యాను రోజంతా తిరుగుతుంది. దానికి సుమారు 75 వాట్లు కావాలి. కొత్త రకం బి.ఎల్.డి.సి. ఫ్యానుకు 30 చాలు. రోజుకు పన్నెండు గంటలు తిరిగినా నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. గాలికి 11 కిలోల భారం తగ్గుతుంది, ఇంటికి బిల్లు తగ్గుతుంది. ధర ఎక్కువని వాళ్లు కొనలేరు. ఇక్కడ మీ డబ్బు పనికొస్తుంది. ఫ్యాను రెక్క మీద పేరు రాయిస్తే మాత్రం తిరిగేటప్పుడు కనబడదు. అది ముందే చెప్పడం మంచిది.

ఇక మొక్కల మాట. కేరళలోని వయనాడ్ జిల్లాలో మీనంగాడి పంచాయతీ 2016 నుంచి తన కర్బన లెక్క సరిచేసుకునే పనిలో ఉంది. అక్కడ చెట్ల బ్యాంకు అని ఒక ఏర్పాటు చేశారు. నాటి పెంచుతున్న చెట్టుకు ఏడాదికి 50 రూపాయల చొప్పున వడ్డీ లేని అప్పు ఇస్తారు. చెట్టును కొడితేనే తిరిగి కట్టాలి. నాటిన రోజుకు కాదు డబ్బు, బతికిన ఏళ్లకు. మా బడి మొక్కలకు మేం చేయనిది సరిగ్గా అదే.

ఈసారి గోతులు తవ్వడానికి చందా అడగడం లేదు. రెండు వేసవులు నీళ్లు పోసే మనిషి కూలి అడుగుతున్నాం. మొక్కలు కూడా ఇరవైకి మించి వద్దనుకున్నాం.

లెక్క చీటీ బడి ఆఫీసులో ఇస్తారు. పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీసిపెట్టుకుని రండి. మా ఉపాధ్యాయుల చీటీలు నింపి గోడకు అంటించాం, ఏసీలతో సహా.