పళ్లెము, తువాలు

వాక్యభాగము: యోహాను సువార్త 13:1–17



మేము నర్సింగు శిక్షణలో చేరిన కొత్తలో మాకు తెల్ల యూనిఫారం మీద ఉన్న ఇష్టం బెడ్‌పాన్ మీద లేదు. దీపాలు వెలిగించి నైటింగేల్ ప్రతిజ్ఞ చెప్పిన రోజున అందరికీ కళ్లు చెమర్చాయి. మర్నాడు చీము పట్టిన కాలికి డ్రెస్సింగు చేయమంటే మాత్రం నువ్వంటే నువ్వని ఒకరినొకరం ముందుకు నెట్టుకున్నాము. సేవలో ఆనందం ఉందని సండేస్కూలు నుండి విన్నాము గదా, అది మాకెందుకు రాలేదని రాత్రి హాస్టల్లో మాట్లాడుకునేవాళ్లం. ఇది మన పిలుపు కాదేమోనని ఒకరిద్దరు పెట్టె సర్దుకున్నారు కూడా.

మా వార్డు సిస్టరుగారి చెవిన ఈ మాట పడింది. ఆమె ప్రసంగమేమీ చేయలేదు. "ముందు పుండు కడగండమ్మా. ఆనందం సంగతి పది రోజుల తరువాత అడుగుతాను" అన్నారు. పదో రోజున ఆమె అడగనూ లేదు, మాకు గుర్తూ లేదు. ఆ వేళ పుండు అడుగున ఎర్రగా కొత్త కండ కనబడిందని, రండి చూడండని ఒకరినొకరం పిలుచుకుంటున్నాము.

యోహాను 13వ అధ్యాయంలో ప్రభువు చేసినదీ ఇటువంటి పనే. దుమ్ము దారుల్లో నడిచి వచ్చినవారి కాళ్లు కడగడం ఆ దినములలో దాసుల పని. ప్రభువు భోజనం దగ్గర నుండి లేచి ఆ పని తానే చేశారు. పేతురు సిగ్గుపడి వద్దన్నాడు. మన వార్డులో కూడా పెద్దవారు మొదట కాలు వెనక్కి లాక్కుంటారు. చేయించుకోవడానికీ తగ్గింపు కావాలి. 17వ వచనం జాగ్రత్తగా చదవండి. ఈ సంగతులు తెలిసినందుకే ధన్యులని ప్రభువు చెప్పలేదు, చేస్తే ధన్యులని చెప్పారు. మేము హాస్టల్లో ఆ ఆనందాన్ని ముందు వెదికాము, పని తరువాత చేద్దామనుకున్నాము.

కాళ్ల సంగతి ఇంతగా ఎందుకు చెబుతున్నామంటే, మా ఆసుపత్రికి వచ్చే షుగరు వ్యాధిగ్రస్తులలో కొందరు చాలా ఆలస్యంగా, కాలు నల్లబడ్డాక వస్తున్నారు. వేలూరులో 1946 నుండి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల చేతులు, కాళ్లు ఏళ్ల తరబడి పరీక్షించారు. వ్రేళ్లు వాటంతట అవే రాలిపోవడం లేదని, స్పర్శ పోయినందున దెబ్బలు, కాలిన గాయాలు తెలియక పాడైపోతున్నాయని ఆయన చూపించారు. షుగరులోనూ నరాలు దెబ్బతింటే ఇదే జరుగుతుంది. ముల్లు గుచ్చుకున్నా నొప్పి ఉండదు. నొప్పి చెప్పవలసిన మాటను అప్పుడు ఇంట్లో ఇంకొకరి కళ్లు చెప్పాలి. అందుకే ఈ సేవకు మందు ఎంత అవసరమో మనిషీ అంతే అవసరం.

సాయంత్రం పది నిమిషాలు చాలు. గోరువెచ్చని నీళ్లు మీ మోచేతితో చూసిన తరువాతే పోయండి. వారి కాలికి వేడి తెలియదు. సబ్బుతో కడగండి, ఎక్కువసేపు నానబెట్టవద్దు. వ్రేళ్ల సందులు మెత్తని గుడ్డతో తడి లేకుండా తుడవండి. మడమకు, పాదానికి కొబ్బరినూనె రాయవచ్చును గాని వ్రేళ్ల మధ్య రాయకూడదు. అరికాలు వెలుతురులో తిప్పి చూడండి: ఎరుపు, పొక్కు, పగులు, వాపు ఏది కనబడినా నొప్పి కోసం ఆగక వెంటనే తీసుకురండి. ఆనెకాయలు బ్లేడుతో కోయడం దయచేసి మానండి. ఇంట్లో కూడా చెప్పులు ఉండాలి. మే నెల ఎండలో మందిరపు ఆవరణంతా ఉత్త కాళ్లతో నడిచి అరికాళ్లు బొబ్బలెక్కినవారిని చూశాము. వారిని గుమ్మం దాకా చెప్పులతో రానిస్తే దేవునికి అభ్యంతరం ఉండదని మా నమ్మకం.

ఒక కోడలు రోజూ మామగారికి ఇలా చేసేది. "ఒక్కనాడైనా మంచి మాట లేదు సిస్టరమ్మా, నీళ్లు వేడి అంటారు, చల్లన అంటారు" అని ఓ.పి.లో మా దగ్గర ఏడ్చింది. ఆనాడు ప్రభువు కడిగిన పాదాలలో యూదావి కూడా ఉన్నాయని మాకు గుర్తొచ్చింది గాని, అలసిపోయిన మనిషికి ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. ఆమె భర్తను పిలిపించి, వారంలో మూడు రోజులు నీ వంతు నాయనా అని చెప్పాము. ఒక్కరి నడుము విరిగేదాకా చేయించుకుని దానికి సేవ అని పేరు పెట్టడం మాకు నచ్చదు.

రెండు నెలలకు ఆమె మళ్లీ వచ్చింది, మామగారిని వెంటబెట్టుకుని. మడమ మీద నల్లని చుక్క చూసిందట. లోపల తుమ్మముల్లు, ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకు తెలియనే తెలియదు. చీము పట్టకముందే డాక్టరుగారు తీసేశారు, కాలు దక్కింది. "నేనే చూశాను సిస్టరమ్మా, నేనే" అని ఆమె వార్డంతా చెప్పుకుంది. మామగారు మాత్రం ఆ సాయంత్రం కూడా నీళ్లు చల్లగా ఉన్నాయనే అన్నారట. ఆ మాట చెబుతూ ఈసారి ఆమె నవ్వింది.