గడులలో జిల్లా పటం - ఒక స్క్రిప్టు పాఠం

పటం అనగానే మనకు క్లాసురూము గోడకు వేలాడే రంగుల కాగితం గుర్తుకొస్తుంది. అందులో ఫలానా జిల్లాకు ఎర్ర రంగు ఎందుకు వేశారని అడిగినవాళ్ళు అరుదు. అంకెల పట్టికను అనుమానించే మనం పటాన్ని మాత్రం చూడగానే నమ్మేస్తాం. ఎక్కడ ఆస్పత్రి కావాలి, ఎక్కడ హాస్టలు కట్టాలి అనే చర్చలో ఇటువంటి పటాలే బల్ల మీదికి వస్తాయి గనుక ఈ నమ్మకం చిన్న విషయం కాదు. చూసేవాడు ప్రతి గడినీ నొక్కి లెక్క అడగగలిగిన పటం ఒకటుంది. దాన్ని స్ప్రెడ్‌షీటులో, చిన్న స్క్రిప్టుతో ఎవరికి వారే తయారు చేసుకోవచ్చు. భూగోళశాస్త్ర విద్యార్థిగా నేను నేర్చుకున్న ఆ పద్ధతిని మిత్రుల ముందు ఉంచుతున్నాను.

క్యూజిఐఎస్ వంటి ఉచిత సాఫ్టువేరు ఉండగా ఇదెందుకని మీరు అడగవచ్చు. పటం గీసేవాడికి అది చాలు. కాని పటం అందుకునే గుమాస్తా దగ్గరా, సర్పంచి దగ్గరా అది ఉండదు. ఎక్సెల్ ఫైలు మాత్రం దాదాపు ప్రతి ఆఫీసులోనూ తెరుచుకుంటుంది.

ముడిసరుకు

మనకు కావలసినవి రెండు: సరిహద్దుల ఫైలు ఒకటి, అంకెల పట్టిక ఒకటి. జియోజేసన్ అనే సరిహద్దుల ఫైలు బ్రహ్మపదార్థమేమీ కాదు. జిల్లా చుట్టూ వరుసగా పాతిన గట్టురాళ్ళ చిట్టా అనుకోండి. ఒక్కొక్క రాయికి రెండు అంకెలు: ముందు రేఖాంశం, తరువాత అక్షాంశం. మనం నోటితో చెప్పేటప్పుడు అక్షాంశమే ముందు చెబుతాం గనుక ఇక్కడ జాగ్రత్త అవసరం. రెండూ తారుమారైతే తెలంగాణా వెళ్ళి ఉత్తర ధ్రువం దాపున ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది!

స్క్రిప్టు చేసే పని

తెలంగాణా సుమారుగా 16, 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, 77, 82 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉన్నది. డిగ్రీలో ఇరవయ్యో వంతు, అంటే 0.05 డిగ్రీ, ఒక గడి అనుకుందాం. అప్పుడు 80 అడ్డు వరుసలు, 100 నిలువు వరుసలు, మొత్తం 8,000 గడులు వస్తాయి. మన అక్షాంశాల దగ్గర ఒక గడి సుమారు 5.5 కిలోమీటర్ల ఎత్తు, 5.3 కిలోమీటర్ల వెడల్పు. అందుచేత షీటులో గడి వెడల్పును ఎత్తులో నూటికి 96 వంతులుగా సరిచేస్తే రాష్ట్రం ఆకారం చెడదు.

ఇక పైథాన్ స్క్రిప్టు ఒక్కొక్క గడి మధ్య బిందువు తీసుకుని, అది ఏ జిల్లాలో ఉందో తేలుస్తుంది. ఎలాగంటారా? ఆ బిందువు నుంచి తూర్పుకు తిన్నగా ఒక గీత లాగండి. ఆ గీత జిల్లా గట్టును బేసిసార్లు దాటితే బిందువు లోపల ఉన్నట్టు. సరిసార్లు దాటినా, అసలు దాటకపోయినా బయట ఉన్నట్టు. చేలో నిలబడ్డ మనిషి బయటికి రావాలంటే గట్టు ఒక్కసారైనా దాటాలి కదా, అదే సూత్రం! లోపల ఉన్నట్టు తేలగానే ఆ గడిలో జిల్లా కోడు రాసి రంగు వేయాలి. ఓపెన్‌పైఎక్సెల్ అనే లైబ్రరీ ఈ పని చేసిపెడుతుంది. ఒక్క మెలిక: షీటులో వరుసల అంకెలు పైనుంచి కిందికి పెరుగుతాయి, అక్షాంశాలు కిందినుంచి పైకి. వరుసల లెక్క తిప్పకపోతే ఆదిలాబాదు అడుక్కి పోతుంది.

జిల్లాలను పేరుతో కాక కోడుతో జతచేయాలి. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లీషులో ఒకరు ఒక అక్షరం ఎక్కువ వేసి రాస్తారు, ఒకరు తక్కువ వేసి రాస్తారు. మనకు అది ఒకటే పాలమూరు. కంప్యూటరుకు రెండు వేరు వేరు జిల్లాలు. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ కోడు 538, హైదరాబాదు 536. ఈ అంకెల్లో పేచీ లేదు.

పటాన్ని నిలదీయడం

ఈ పద్ధతిలో నాకు నచ్చిన సంగతి ఇక్కడే ఉంది. ఒక గడి విస్తీర్ణం సుమారు 29.3 చదరపు కిలోమీటర్లు. తెలంగాణా విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. కనుక రంగు పడిన గడులు 3,830కి అటూఇటూగా ఉండాలి. 3,920 వస్తే? ఆ ఫైలు 2014లో ఖమ్మం జిల్లా మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలవకముందు నాటిదేమో చూడండి. అప్పటి విస్తీర్ణం 1,14,840. గోడమీది పటాన్ని ఇలా పరీక్షించగలమా?

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. 2011లో హైదరాబాదు జిల్లా జనాభా 39.43 లక్షలు, నాటి మహబూబ్‌నగర్ జిల్లాది 40.53 లక్షలు. మొత్తం జనాభాను బట్టి రంగు వేస్తే రెండింటికీ ఒకే రంగు పడుతుంది. కాని మన షీటులో హైదరాబాదుకు దక్కేవి ఏడెనిమిది గడులు, మహబూబ్‌నగర్‌కు 625 దాకా. చూసే కంటికి పాలమూరు అంతా జనం కిక్కిరిసి ఉన్నట్టు, హైదరాబాదు ఒక చుక్క అన్నట్టు కనిపిస్తుంది. చదరపు కిలోమీటరుకు లెక్కవేస్తే అక్కడ 220 మంది, ఇక్కడ 18,172 మంది! అంకెలు రెండుచోట్లా నిజమే, స్క్రిప్టులో తప్పు లేదు. అయినా మొదటి పటం మనల్ని మోసం చేస్తుంది. మొత్తాన్ని చూపాలా, సాంద్రతను చూపాలా అన్నది కంప్యూటరు నిర్ణయించదు. ఆ పని మనదే.

మరొక హెచ్చరిక. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. 2011 నాటి పది జిల్లాల అంకెలను కొత్త సరిహద్దుల మీద వేయకూడదు, వాటిని ఉజ్జాయింపుగా పంచనూ కూడదు. మండలాల అంకెలనుంచి మళ్ళీ కూడుకురావాలి. శ్రమే, కాని వేరే దారి లేదు.

ప్రాజెక్టు రిపోర్టులో పటం పెట్టబోయే తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ నా మనవి ఒక్కటే. పటం షీటు పక్కనే రెండో షీటు పెట్టి మూడు సంగతులు రాయండి: సరిహద్దులు ఏ ఏటివి, అంకెలు ఏ ఏటివి, రంగు దేనికి గుర్తు. స్క్రిప్టును కూడా జతచేయండి. వచ్చే ఏటి విద్యార్థి దాన్ని మళ్ళీ నడిపి, మీ పటంలో లోపముంటే పట్టుకోగలగాలి.