ఉతికిన దుప్పటిలో ఏం మిగులుతుంది? జంతు షెల్టర్లలో వాషర్లు, డ్రైయర్లు చేసే పని

పార్వో వ్యాధితో చనిపోయిన ఒక కుక్కపిల్ల కింద పరిచిన దుప్పటిని షెల్టర్ సిబ్బంది ఉతికి, ఆరేసి, మడతపెట్టి బీరువాలో పెడతారు. మరక లేదు, వాసన లేదు. కొన్ని వారాల తర్వాత వీధిలో దొరికిన నాలుగు పిల్లల్ని ఎవరో తెచ్చి అప్పగిస్తారు. వాటి కింద పరచడానికి ఆ దుప్పటే చేతికొస్తుంది. ఇంకా టీకా పడని ఆ పిల్లలకు జబ్బు చేస్తే, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ అంతుపట్టదు. దుప్పటి మీదికి అనుమానం పోదు, ఎందుకంటే అది ఉతికినదే కదా!

జంతు సంరక్షణ కేంద్రాల్లో బట్టలు ఉతికే గదిని చాలాకాలం ఇంటిపనిలో భాగంగానే చూశారు. నిజానికి టీకా, ఐసొలేషన్ గది ఎలాగో ఇదీ అలాంటిదే, వ్యాధి నియంత్రణకు ఒక సాధనం. మన దేశంలో 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు శస్త్రచికిత్స చేసి, కోలుకునేదాకా కేంద్రంలోనే ఉంచాలి. అంటే ఆపరేషన్ బల్ల మీది గుడ్డలు, తువ్వాళ్లు, కుక్కల కింద పరిచే పాత దుప్పట్లు, దాతలు ఇచ్చిన చీరలు రోజూ గుట్టలుగా పోగుపడతాయి. వాటిని ఎలా ఉతకాలన్నది, అందులో ఏ క్రిమి ఉందన్నదాన్ని బట్టి మారుతుంది.

సబ్బుకు లొంగేవి, లొంగనివి

కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బు నీళ్లతో 15 నిమిషాల పాటు కడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వుతో కూడిన పలుచని పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను చీల్చేస్తుంది, దాంతో వైరస్ పనికిరాకుండా పోతుంది. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్‌కూ అలాంటి పొరే ఉంది. కాబట్టి డిస్టెంపర్ సోకిన కుక్క వాడిన దుప్పటిని మామూలు డిటర్జెంటుతో ఉతికి బాగా ఆరబెడితే దాదాపు భయం తీరినట్టే.

పార్వో వైరస్ సంగతి వేరు. 1978లో ప్రపంచం దృష్టికి వచ్చిన ఈ కుక్కల వైరస్‌కు కొవ్వు పొర లేదు. ఒక గట్టి ప్రొటీన్ గుల్లలో దాని జన్యుపదార్థం భద్రంగా ఉంటుంది. డిటర్జెంటు దాన్ని ఏమీ చేయలేదు. ఆల్కహాలూ అంతంతమాత్రమే. 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటసేపు ఉంచినా అది చెక్కుచెదరదు. నీడపట్టున నెలల తరబడి సోకే శక్తితో ఉండగలదు. పిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా కలిగించేదీ ఈ కుటుంబానికి చెందిన వైరసే. వీటిని నిర్వీర్యం చేసే అందుబాటులోని రసాయనాల్లో చవకైనది సోడియం హైపోక్లోరైట్, అంటే మామూలు ద్రవ బ్లీచ్.

తామర కలిగించే మైక్రోస్పోరమ్ కానిస్ అనే శిలీంధ్రం మూడో రకం. పిల్లుల్లో ఎక్కువగా కనిపించే ఇది మనుషులకూ సులువుగా అంటుకుంటుంది. దీని బీజాలు రాలిన వెంట్రుకలను పట్టుకుని ఉంటాయి. అందుకని ఇక్కడ చంపడం కంటే వెంట్రుకలను బట్ట నుంచి వదిలించడమే అసలు పని.

డ్రమ్ములో జరిగేది

ముందు డోరు ఉన్న వాషర్లో డ్రమ్ము లోపలి గోడకు పక్కటెముకల్లాంటి మిట్టలు ఉంటాయి. అవి తడి బట్టను పైకి లేపి కిందికి జారవిడుస్తాయి. పడిన ప్రతిసారీ నీరు బట్ట పోగుల్లోంచి బలంగా దూసుకుపోతుంది. చాకిరేవులో బండకేసి బాదడం చేసే పని కూడా ఇదే. డ్రమ్మును కుక్కి నింపితే బట్టలకు పడే చోటే ఉండదు. అన్నీ ఒక ముద్దగా తిరుగుతాయి తప్ప ఉతకబడవు. షెల్టర్లలో తరచుగా జరిగే పొరపాటు ఇదే. పని ఎక్కువ, మనుషులు తక్కువ అయినప్పుడు రెండు విడతల బట్టలను ఒకేసారి తోసేయాలనిపించడం సహజం.

తామర విషయంలో ఈ కదలిక ఎంత ముఖ్యమో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య చర్మవ్యాధి నిపుణురాలు కరెన్ మోరియెల్లో బృందం పరీక్షించి చూసింది. శిలీంధ్రం అంటిన గుడ్డలను డ్రమ్ము కుక్కకుండా రెండుసార్లు ఉతికితే చాలని తేలింది. నీళ్లు వేడివైనా చన్నీళ్లైనా, బ్లీచ్ కలిపినా కలపకపోయినా ఫలితం అదే. నీళ్లు మరిగించాలి, మందు ఎక్కువ వేయాలి అన్న తాపత్రయం కంటే డ్రమ్ములో చోటు వదలడమే ఇక్కడ మేలు చేసింది.

ఇంట్లో వాడే మెషిన్ ఈ పనికి ఎందుకు సరిపోదు? గింగిరాలు తిరిగే వేగంలో అది వాణిజ్య యంత్రానికి పెద్దగా తీసిపోదు. చిక్కంతా వెంట్రుకలతోనే. ఇంటి మెషిన్లో మురికి నీటిని చిన్న పంపు తోడి బయటికి పంపుతుంది. కుక్కల బొచ్చు ఆ పంపు ముందున్న జల్లెడలో, డోరు చుట్టూ ఉన్న రబ్బరు మడతల్లో పేరుకుపోయి, తర్వాతి విడతలో మళ్లీ బట్టలకు అంటుకుంటుంది. పెద్ద వాణిజ్య వాషర్లలో సాధారణంగా పంపు ఉండదు. అడుగున ఉన్న వెడల్పాటి వాల్వు తెరుచుకోగానే నీరు, బొచ్చు అన్నీ ఒక్కసారిగా కాలువలోకి జారిపోతాయి. పైగా రోజంతా విరామం లేకుండా తిరిగేలా వీటి బేరింగులు తయారవుతాయి.

ఉతికే క్రమానికీ ఒక లెక్క ఉంది. నెత్తురు, మలం వంటివి ప్రొటీన్లు. వేడినీళ్లు తగిలితే గుడ్డు ఉడికినట్టు గడ్డకట్టి పోగులకు అతుక్కుంటాయి. అందుకే మొదట చన్నీళ్లతో జాడించాలి. ఆ తర్వాతే డిటర్జెంటు, వేడినీళ్లు. మురికి పోయాకే బ్లీచ్ వేయాలి. బ్లీచ్‌లోని క్లోరిన్‌కు వైరస్‌కూ మలానికీ తేడా తెలియదు. ఎదురైన సేంద్రియ పదార్థంతోనల్లా చర్య జరిపి ఖర్చైపోతుంది. మురికి దుప్పటి మీద బ్లీచ్ పోస్తే వైరస్ దాకా చేరేది కొంచెమే.

దీనికి మించిన ప్రమాదం మరొకటి ఉంది. మూత్రంతో తడిసిన బట్టల్లో అమ్మోనియా ఉంటుంది. దానికి బ్లీచ్ తగిలితే క్లోరమైన్ ఆవిర్లు పుడతాయి. గాలి ఆడని చిన్న గదిలో ఆ ఆవిర్లు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. బ్లీచ్‌కు ఆమ్లపు క్లీనర్లు తోడైతే విడుదలయ్యేది క్లోరిన్ వాయువే. జాడించకుండా బ్లీచ్ పోయకూడదనడానికి ఇదే పెద్ద కారణం.

వేడి ఎవరిని చంపుతుంది?

డ్రైయర్ అంటే బట్టలు త్వరగా ఆరడానికని మాత్రమే అనుకుంటాం. ఉతికినా చావనివి కొన్ని అందులో చస్తాయి. పిడుదులు ఇందుకు మంచి ఉదాహరణ. గోరువెచ్చని నీళ్లలో పూర్తిగా మునిగి, డిటర్జెంటులో తిరిగి కూడా అవి బతికి బయటపడగలవు. పొడి వేడి మాత్రం వాటి ఒంట్లోని తేమను లాగేస్తుంది. ఆరుబయట తిరిగి వచ్చాక పొడి బట్టలను ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు డ్రైయర్లో తిప్పమని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు ప్రజలకు చెబుతాయి. బట్టలు తడిగా ఉంటే అంతకంటే ఎక్కువసేపు తిప్పాలి. ఈ సలహా అక్కడి పిడుదులను ఉద్దేశించినది. మన కుక్కలను పట్టి ఎర్లీషియా జ్వరాన్ని మోసుకొచ్చే గోధుమరంగు పిడుదుకు నిమిషాల లెక్క అచ్చంగా అంతే ఉండాలని లేదు, కాబట్టి సమయం కాస్త ఎక్కువే ఇవ్వడం మంచిది.

పార్వో మాత్రం డ్రైయర్‌కు భయపడదు. 60 డిగ్రీలను గంటసేపు తట్టుకునే వైరస్ మీద డ్రైయర్ వేడిని నమ్ముకోలేం.

ఇంత ఎండ కాసే దేశంలో డ్రైయర్ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమలోనో తెలంగాణలోనో ఆరుబయట తాడు మీద వేసిన తువ్వాలు చూస్తుండగానే ఆరిపోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్రిములను దెబ్బతీస్తాయి కూడా. అయితే ఆ కిరణాలు బట్ట పైభాగానికే తగులుతాయి, దళసరి దుప్పటి మడతల్లోకి చేరవు. వానాకాలంలో కోస్తా ఊళ్లలో గాలే తేమతో నిండి ఉంటుంది. దుప్పటి రెండు రోజులైనా ఆరదు. అలా తడి తడిగా ఉన్న గుడ్డలో బ్యాక్టీరియా మళ్లీ పెరుగుతుంది. శస్త్రచికిత్స కుట్లు ఇంకా మానని కుక్క కింద పరచదగిన బట్ట కాదది. ఎండ ఉన్నప్పుడు ఎండను వాడుకుని, ముసురు రోజుల్లో, పిడుదులు పట్టిన బట్టలకు డ్రైయర్ వాడటం చాలా కేంద్రాలకు సరిపోయే దారి.

కరెంటు బిల్లు చూసి డ్రైయర్‌ను పక్కన పెట్టేవారు ఉంటారు. కిటుకు వాషర్లోనే ఉంది. 70 సెంటీమీటర్ల వ్యాసం గల డ్రమ్ము నిమిషానికి 900 సార్లు తిరిగితే దాని అంచున బట్ట మీద పనిచేసే బలం గురుత్వాకర్షణకు సుమారు 300 రెట్లు. ఆ బలానికి నీరు రంధ్రాల్లోంచి బయటికి చిమ్ముతుంది. పిండకుండా మిగిలిన ప్రతి లీటరు నీటినీ ఆవిరి చేయడానికి యూనిట్లో మూడింట రెండు వంతుల శక్తి కావాలి. 20 కిలోల పొడి బట్టల్లో పిండిన తర్వాత 20 లీటర్ల నీరు మిగిలితే ఆవిరికే 13 యూనిట్లు దాటుతుంది. అదే 12 లీటర్లు మిగిలితే 8 యూనిట్లు చాలు. డ్రైయర్లో వృథా అయ్యే వేడి దీనికి అదనం.

నిప్పు సంగతి

డ్రైయర్ జల్లెడలో చేరే నూలు పీచు, జంతువుల బొచ్చు చాలా తేలిగ్గా అంటుకునే పదార్థాలు. ప్రతి విడత తర్వాతా జల్లెడ తుడవాలి. బయటికి గాలి పోయే గొట్టాన్నీ అప్పుడప్పుడు విప్పి శుభ్రం చేయాలి. తామర వార్డు బట్టలు ఆరబెట్టాక ఈ పని చేసేవారికి మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఆ పీచులోనే బీజాలు ఉండవచ్చు మరి.

నూనె గుడ్డల గురించి తెలిసినవారు తక్కువ. పుండ్లకు, గజ్జికి నూనెలు రాసి తుడిచిన గుడ్డల్లో ఉతికాక కూడా కొంత నూనె మిగిలిపోతుంది. అవి వేడి వేడిగా డ్రైయర్లోంచి వచ్చి గుట్టగా పడితే, నూనె గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి ఇంకా వేడెక్కుతుంది. గుట్ట మధ్యలోని వేడి బయటికి పోలేదు. కొన్ని గంటల తర్వాత ఎవరూ లేనప్పుడు దానంతటదే రాజుకోవచ్చు. డ్రైయర్ చివర్లో కొద్ది నిమిషాలు చల్లటి గాలి తిప్పే దశ ఉండేది ఇందుకే. తొందరలో దాన్ని మధ్యలో ఆపి బట్టలు లాగేయకూడదు.

ఉతకకూడనివి

జబ్బు కుక్కపిల్ల మలం ఒక గ్రాములో వందల కోట్ల పార్వో వైరస్ కణాలు ఉండవచ్చు. ఉతకడంలో 99.9 శాతం పోయాయనుకుందాం. వంద కోట్లలో ఇంకా పది లక్షలు మిగులుతాయి. బ్లీచ్ మిగతా పని చేస్తుందంటే, ముందు చెప్పినట్టు అది మురికి లేని బట్ట మీదే చేస్తుంది. మలంతో బాగా తడిసిన దుప్పటిని ఉతికి కాపాడాలని చూడటం కంటే పారేయడమే మేలని షెల్టర్ వైద్యులు చెప్పేది ఈ లెక్క వల్లే. దానమిచ్చిన దుప్పటిని పారేయడానికి సిబ్బందికి మనసొప్పదు. అయినా దాని ఖరీదు పార్వో సోకిన ఒక్క పిల్లకు ఎక్కించే సెలైన్ల ఖర్చులో ఎన్నో వంతు కాదు.

మిగిలిన బట్టలకు వరస ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న చిన్న పిల్లలవి మొదట, పెద్ద కుక్కలవి తర్వాత, ఐసొలేషన్ వార్డువి అన్నిటికంటే చివర. మాసిన బట్టలు గదికి ఒక వైపు నుంచి వచ్చి, ఉతికినవి మరో వైపు నుంచి వెళ్లాలి. పెద్ద ఆసుపత్రుల్లో దీనికోసం రెండు డోర్లున్న వాషర్లను గోడలో అమరుస్తారు. మాసినవి ఇటు గదిలోంచి వేస్తే ఉతికినవి అటు గదిలో తీస్తారు. అంత డబ్బు లేని షెల్టర్లో నేల మీద ఒక పసుపు గీత, రెండు రంగుల బుట్టలు, మాసినవి ముట్టిన చేతి తొడుగులు తీసి చేతులు కడిగాకే ఉతికినవి తాకే అలవాటు ఆ పని చేస్తాయి. పార్వో వార్డులో మాత్రం చాలాచోట్ల దుప్పట్లు పరచడమే మానేశారు. అక్కడ పాత వార్తాపత్రికలు పరిచి, పనైపోగానే జీవవైద్య వ్యర్థాల పసుపు సంచిలో వేసి మూతి కట్టేస్తారు.